గాలిమోటరుకు జెండా పట్టిన మామ

మొన్న కోరుట్ల అవతల మా అల్లుడు కౌలుకు చేస్తున్న మక్కజొన్న చేను గట్టున నిలబడి చూస్తుంటే, మందు కొట్టే డ్రోన్ తెచ్చినతను నన్ను కసిరాడు. ముఖానికి ముసుగు, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, మెడలో మీటల పెట్టె. "అమ్మా, అటు దూరం జరుగుండ్రి. మందు మీద వడితే పాణానికి మంచిది గాదు" అన్నాడు. మంచి మాటే అన్నాడు. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "గీ మాట అప్పుడు ఎవ్వడు జెప్పలేదేందిర?" అని అరిచాను. అతను బిత్తరపోయాడు. మా అల్లుడు వచ్చి, "అత్తా, గాయిన నీ మంచికే గదా అన్నడు" అని నన్ను వేపచెట్టు కిందికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. టిఫిన్ డబ్బా విప్పి నా ముందు పెట్టాడు. నేను అరిచింది అతని మీద కాదని మా అల్లుడికి ఎట్లా చెప్పను?

మాది సిరిసిల్ల. మా బాపు, అంటే నాన్న, సాంచెల మీద పని చేసేవాడు. సాంచెలంటే మరమగ్గాలు. వాటి చప్పుడులో పుట్టాం, వాటి చప్పుడులోనే పెరిగాం కాబట్టి మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దది. దసరా సెలవులు ఇచ్చారంటే మాత్రం నేను కోరుట్ల దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఉండాలి. బస్సు మారి, మళ్లీ మారి, చివర ఎవరిదో ఎడ్లబండి ఎక్కి పోయేదాన్ని. ఆ ఇంట్లో ఒకటే చేతిమగ్గం. టక్, టక్ అని మెల్లగా మాట్లాడేది. ఇంట్లోకి అడుగు పెట్టగానే గంజి వాసన, తడి నూలు వాసన, పొయ్యి మీద గిన్నెకు అద్దిన సర్వపిండి మాడుతున్న వాసన కలిసి తగిలేవి. ఆ సర్వపిండి మాడు కోసం నేను, పక్కింటి పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్లం.

మగ్గం మీద మా మామ ఉండేవాడు, మా అమ్మ తమ్ముడు. తాటిచెట్టంత మనిషి, మగ్గం గుంటలో కూర్చున్నా తల పైకే కనిపించేది. నన్ను చూడగానే మొదలు పెట్టేవాడు.

"ఏందే సిరిసిల్ల పోరీ, మీ సాంచెలు మా పొట్ట గొట్టినయి. ఇంక సాలలేదా, సర్వపిండి గూడ తినిపోదామని అచ్చినవా?"

"తింట. మాడంత నాకే" అనేదాన్ని.

నవ్వుతూ అన్నా అందులో అబద్ధం లేదు. సాంచె బట్ట వచ్చాక మామ నేసే తువ్వాలలు అడిగేవాడు లేడు. వారంలో సగం రోజులు మగ్గం ఊరికే ఉండేది. పని లేని మగవాడికి ఇంట్లో ఎట్లుంటుందో నాకు అప్పుడు తెలియదు. మామ నవ్వుతూనే ఉండేవాడు కాబట్టి అంతా బాగుందనుకునేదాన్ని.

ఆ ఏడు మాత్రం ఆ ఇంట్లో ఒక సంబరం ఉంది. అత్త నిండు చూలాలు. పెళ్లయి ఏండ్లు గడిచినా కడుపు పండక, కొండగట్టుకు కాలినడకన పోయి, ఎక్కడెక్కడో ముడుపులు కట్టి, చివరకు అందరూ ఆశ వదులుకున్నాక నిలిచిన కడుపు. అత్తకు తల్లి లేదు. అందుకే పురుడు మా అమ్మమ్మ చేతి మీదే. అమ్మమ్మ ఆమెను కుండ దించనిచ్చేది కాదు, గడప దాటనిచ్చేది కాదు. మామ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ అత్త కడుపుకు దగ్గరగా వంగి, "ఏమమ్మా, ఎప్పుడస్తవు? మీ నాయిన పని లేక కూసున్నడు, అచ్చి ఆడిపియ్యరాదు" అని అడిగేవాడు. ఆడపిల్లే కావాలని ఆయనకు. అమ్మమ్మ ఉమ్మి, "నోరు మూసుకోరా, దిష్టి తాకుతది" అని తిట్టేది.

ఆ ఏడే ఊరికి గాలిమోటరు వచ్చింది.

పొలాలన్నిటికీ దోమపోటు తగిలింది. పచ్చని వరి ఎక్కడికక్కడ కాలినట్టు ఎండిపోతుంటే పటేళ్లు పోయి వ్యవసాయం సార్లను పట్టుకున్నారు. విమానంతో మందు కొట్టిస్తామన్నారు వాళ్లు. ఊరి బయట గడ్డి కూడా మొలవని చౌడు నేలను ఎడ్లతో చదును చేయించారు. ఒక డేరా, మందు డ్రమ్ములు, నూనె డ్రమ్ములు, ఒక గుంజకు వేలాడే పొడుగాటి బట్ట గొట్టం. గాలి ఎటు వీస్తుందో విమానం నడిపే సారుకు ఆ గొట్టం చెబుతుందట. మా అమ్మమ్మ దాన్ని చూసి, "గిదేంది, పైజామకు ఒక్క కాలే ఉన్నది? రెండోది ఏడ పాయె?" అంది. ఊరంతా నవ్వింది.

విమానం దిగిన రోజు పొయ్యిల మీద కూరలు వదిలేసి వచ్చారు ఆడవాళ్లు. ఇంతచేసి అది మా సిరిసిల్ల బస్సులో సగం కూడా లేదు. అయినా మా అమ్మమ్మ ఊరుకుంటుందా? పసుపు కుంకుమ పట్టుకుపోయి దాని చక్రానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నడిపే సారు ఎక్కడివాడో, ఉర్దూ కలిసిన హిందీ మాట్లాడేవాడు. అమ్మమ్మ పెట్టిన కొబ్బరి ముక్క కళ్లకద్దుకుని తిన్నాడు. ఆ ఒక్క పనితో ఆయన మా వాడైపోయాడు. మర్నాటి నుంచి ఆయనకు మా ఇంటి నుంచే సర్వపిండి పోయేది. మాడు ఆయనకు పోతున్నదని నేను ఏడ్చేదాన్ని.

పైనుంచి చూస్తే పొలమంతా ఒకటే పచ్చదనం. ఎక్కడిదాకా మందు పడింది, ఎక్కడ పడలేదు అనేది నడిపేవాడికి తెలియదు. అందుకని పొలానికి ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు పొడుగు కర్రకు తెల్ల జెండా కట్టి నిలబడాలి. విమానం ఆ జెండా నుంచి ఈ జెండాకు సూటిగా, వరి వెన్నులు వంగేంత కిందుగా వస్తుంది. అది నెత్తి మీద నుంచి పోగానే జెండా మనుషులు కొన్ని అడుగులు పక్కకు జరగాలి. మళ్లీ వస్తుంది, మళ్లీ జరగాలి. ఎవరైనా చేతులు రెండూ పైకెత్తి ఊపితే మాత్రం రాకూడదు, తిరిగిపోవాలి. పొడుగున్నవాడు, పొద్దునే ఖాళీగా ఉన్నవాడు కావాలంటే ఊళ్లో మా మామను మించినవాడు ఎవరు?

వాళ్లిచ్చిన జెండాలు పొద్దుటి మంచులో కనిపించడం లేదని విమానం సారు అన్నాడు. మామ ఇంటికి వచ్చి మగ్గం ఎక్కాడు. చేతికి బరువుగా తగిలే తెల్లని జెండా నేశాడు, దుప్పటంత. అంత కాలానికి ఆ మగ్గానికి మళ్లీ ఒక పని దొరికింది. దాన్ని పట్టుకుని మామ పొలంలో నిలబడితే కోరుట్ల దాకా కనిపిస్తుందని మేం పిల్లలం గొప్పలు చెప్పుకునేవాళ్లం.

"గాలిమోటరు ఎవల మాట ఇంటది?" అని మామ అడిగేవాడు.

"నీ మాట" అనేవాళ్లం.

"మాట గాదే పిచ్చి పోరీ, నా చెయ్యి జూసి తిరుగుతది. పటేలు జెప్పినా ఇనది."

చాయ్ హోటల్‌లో మామకు ఇప్పుడు బెంచీ మీద జాగా ఇచ్చేవాళ్లు. పని లేక తల దించుకుని తిరిగిన మనిషి తల ఎత్తుకుని నడిచాడు. అత్త గడపలో కూర్చుని ఆయన వచ్చేదాకా ఆకాశం వంక చూసేది. ఆ కొన్ని రోజులు ఆ ఇల్లు ఎంత సంతోషంగా ఉండేదో!

జెండా కిందికి దించేలోపే విమానం వచ్చేసేది కదా, మందు మామ మీద తుంపరలా పడేది. తల, చొక్కా, జెండా అన్నీ తడిసేవి. కిరసనాయిలు, కుళ్లిన వెల్లుల్లి కలిపినట్టు ఒక వాసన. ఇంటికి వచ్చి బావి దగ్గర కుండలు కుండలు పోసుకునేవాడు. కొన్ని రోజులు తల పట్టుకుని, కక్కుకుని, పడుకునేవాడు. అత్త భయపడితే మామ వ్యవసాయం సారును అడిగాడు. ఆ సారు, "పురుగులకే ఆ మందు, మనుషులకేం కాదు. మూతికి తువ్వాల కట్టుకో" అని చెప్పి జీపెక్కాడు. చదువుకున్నవాడు చెప్పాడు, ఇంక అయిపోయింది. అమ్మమ్మ చింతపండు చారు తాగించేది. ఎండ దెబ్బ అని అందరం అనుకున్నాం.

పూర్తిగా తెలియనివాళ్లం కూడా కాదు, అదే నా బాధ. ఒకరోజు బతుకమ్మకని గట్ల మీద గునుగు పూలు కోసుకొస్తుంటే మామ ఎదురుపడ్డాడు. మా పూలబుట్టలు లాక్కుని పూలన్నీ కాలువలో పారబోశాడు. "మందు వడ్డ పూలు ముడుతరానే? చేతులు కడుక్కోండ్రి నడువుండ్రి" అని బావి దాకా తరిమాడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పూల విషయంలో అంత జాగ్రత్తపడ్డ మనిషి. కానీ పువ్వును ఉతకలేం కదా. బట్టను ఉతకవచ్చు. తాతల కాలం నుంచి బట్టతోనే బతికినవాళ్లం, ఉతికితే పోని మురికి ఉంటుందని మాకు ఎవరు చెప్పారు?

బతుకమ్మలాడుతున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం అత్త ప్రసవించింది. ఆడపిల్ల. మామ వాకిట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను వెళ్లి చూస్తే ఎర్రగా, చిన్న పిడికిలి బిగించి, ఎవరి మీదో కోపం వచ్చినట్టు ఉంది. "నీ మరదలే. కొట్టద్దు మల్ల" అంది అత్త నాతో. నేను ముందే ముద్దు పెట్టుకున్నాను.

పుట్టిన బిడ్డకు పురుడు చేసి పేరు పెట్టేదాకా కొత్తబట్ట తొడగరు. పాత బట్ట, అదీ పదిమంది మెచ్చిన మనిషి వాడిన బట్ట చుడితే ఆ అదృష్టం, ఆయుష్షు బిడ్డకు వస్తాయంటారు. అమ్మమ్మ తన పాత చీర చింపబోయింది. మామ ఆపాడు.

"నా జెండ ఉండంగ చీర ఎందుకే అవ్వా? గాలికి కొట్టుకోని కొట్టుకోని వెన్నోలె మెత్తగైంది."

"దానికి మందు వాసన గదరా?"

"ఉడుకబెట్టి ఉతుకు. గాలిమోటరుకు తొవ్వ సూపిన జెండ, నా బిడ్డకు సూపదా?"

ఊరంతా మెచ్చిన బట్టే కదా అది. అమ్మమ్మకు కూడా నచ్చింది. సోడా వేసి ఉడకబెట్టింది, బండకేసి బాదింది, మళ్లీ ఉడకబెట్టింది. ఎండలో ఆరవేసి ముక్కుకు పెట్టుకుని చూసి, "ఇగ ఏ వాసన లేదు. ఉతికితె పోనిది బట్టల మీద ఏముంటది?" అంది. దాన్ని చింపి బిడ్డకు గట్టిగా చుట్టారు. పక్కన కుంపటి పెట్టారు, సాంబ్రాణి వేశారు. ఆ గదిలో వెచ్చగా, మంచి వాసనగా ఉండేది. మామ పొలానికి కొత్త జెండా నేసుకున్నాడు.

రెండు మూడు రోజులకే బిడ్డ పాలు తాగడం తగ్గించింది. నోటి నుంచి చొంగ కారేది, చిన్న చేతులు అదిరిపడేవి. మూలింటి ముసలామె వచ్చి చూసి, "పక్షిదోషమే గిది. పెద్ద పక్షి నీడ వడ్డది, రోజు గా గాలిమోటరు ఇంటి మీదికెల్లి పోవట్టె గదా" అంది. తాయెత్తు కట్టారు. చలికి వణుకుతున్నదేమో అని ఆ బట్టే ఇంకో మడత వేసి చుట్టారు. అయ్యో, మేం ప్రేమతో చేసిన ప్రతి పనీ ఆ పిల్లను ఇంకొంచెం చంపింది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తెల్లవారి మామ, అమ్మమ్మ బిడ్డను ఎత్తుకుని బండి మీద కోరుట్ల దాకా పోయి జగిత్యాల బస్సెక్కారు. నేను అమ్మమ్మ కొంగు వదలలేదు, నన్నూ తీసుకుపోయారు. దవాఖానాలో ఒక పెద్ద డాక్టరమ్మ బిడ్డ రెప్పలు తెరిచి దీపం వేసి చూసింది. వంగి బట్ట వాసన చూసింది. "ఈ గుడ్డ ఎక్కడిది?" అని అడిగింది.

"నా జెండ మేడం. నేనే నేసిన" అన్నాడు మామ. అప్పుడు కూడా ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది.

ఏం జెండా అని ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. ఆమె ఆ బట్టను లాగి మూలకు విసిరి, నీళ్లు తెమ్మని, సూది తెమ్మని కేకలు పెట్టింది. మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. లోపల చాలాసేపు హడావుడి జరిగింది. తర్వాత ఆగిపోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి మామ భుజం మీద చెయ్యి వేసి, ఆ మందు ఉతికితే పోదని, నూలు లోపల దాగి ఉంటుందని, వెచ్చదనానికి పసి ఒంట్లోకి దిగుతుందని చెప్పింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఉడుకబెట్టినం మేడం" అన్నాడు మామ. "రెండుసార్లు ఉడుకబెట్టినం." బస్సులో అదే మాట. ఇంటికి వచ్చాక అత్త ముందు కూలబడి అదే మాట. అత్త ఆయన తలను ఒళ్లోకి తీసుకుంది. అమ్మమ్మ తన రెండు చేతులనూ గోడకేసి కొట్టుకుంది.

పసిబిడ్డలను కాల్చరు. వాగు ఒడ్డున, పటేలు పొలం చివర గట్టు పక్కన పూడ్చారు. పురుడు కాలేదు కాబట్టి ఆమెకు పేరు లేదు.

మర్నాడు పొద్దున విమానం చప్పుడు వినిపించింది. మందు కొట్టాల్సింది పటేలు పొలమే మిగిలింది. మామ దిగ్గున లేచి పరుగెత్తాడు. ఏం చేసుకుంటాడోనని అమ్మమ్మ వెనకాల పరుగెత్తింది, నేనూ పరుగెత్తాను. మేం పోయేసరికి ఆ చివర ఇంకో మనిషి జెండా ఎత్తి ఉన్నాడు. ఈ చివర మామ చేతిలో జెండా లేదు. ఆ చిన్న మట్టి కుప్ప ముందు నిలబడి రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ఊపుతున్నాడు. విమానం కిందుగా వచ్చి, చివరి క్షణంలో పైకి లేచి పోయింది. ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. మామ చేతులు దించలేదు. మూడోసారి కూడా వచ్చి, ఇంక లాభం లేదని చౌడు వైపు తిరిగిపోయింది.

కొంతసేపటికి జీపులో విమానం సారు, పటేలు వచ్చారు. పటేలు దిగుతూనే మొదలుపెట్టాడు. "ఏమైందిర నీకు? పంటంత దోమ తింటాంది, పొలం మునుగుతది!"

"పటేలా, నీ కాల్మొక్త" అన్నాడు మామ. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "నా బిడ్డ ఈడ పండుకున్నది. ఇగ దాని మీద మందు వడనియ్య."

సారుకు తెలుగు సరిగ్గా రాదు, ఏమన్నాడని జీపు డ్రైవర్‌ను అడిగాడు. డ్రైవర్ చెప్పాడు. సారు వచ్చి మామ చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించి, ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "పోనీ తియ్యి. గింత పొలం పోతె పోనీ" అన్నాడు పటేలు. ఆ పొలానికి మందు కొట్టలేదు. విమానం ఆ రోజే వెళ్లిపోయింది.

తర్వాత మామ మగ్గం ఎక్కలేదు. దాన్ని విప్పి కట్టెల కింద ఇచ్చేసి, అత్తను తీసుకుని బొంబాయి దగ్గరి భివండి పోయి సాంచెల మీద కుదిరాడు. మళ్లీ పిల్లలు కాలేదు. మా ఇంట్లో తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకూ అమ్మమ్మ పుట్టకముందే కొత్తబట్ట తెప్పించి పెట్టేది. ఆచారం తప్పినావని ఎవరన్నా అంటే, "తప్పిన, ఏంజేస్తవు?" అని మీదికి పోయేది. ఆ కోపం నాకు ఆమె నుంచే వచ్చిందంటారు. ఆ చౌడులో ఇప్పుడు ప్లాట్లు పడ్డాయి. వాగు ఒడ్డును పొలంలో కలుపుకున్నారు. ఎక్కడ పూడ్చారో నేనే చూపించలేను.

మామ పోయినప్పుడు మేం భివండి వెళ్లాం. ఆ ఇరుకు గదిలో శవం పక్కన అత్త రాయిలా కూర్చుని ఉంది. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె నిట్టూర్చి, "పాపం, పిల్లలు లేని మనిషాయె" అంది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు లేరు? ఉండె. ఒక బిడ్డ ఉండె" అన్నాను.

గదిలో అందరూ నా వంక చూశారు. అంత వయసు దాకా ఆ సంగతి ఎన్నడూ ఎత్తని మా అత్త తల పైకెత్తింది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు జూసినవు గదనే? అచ్చం మీ మామ కండ్లే దానికి" అంది.

చూశాను. ఆ కళ్లు చూసినవాళ్లం ఇప్పుడు మేమిద్దరమే ఉన్నాం.